సొంత కథ రాద్దామని కూర్చుంటే మొదటి పేజీ దాటడం లేదు

కనిగిరి_కండక్టర్
నాకు 67 ఏళ్ళు. ఆర్టీసీలో 31 ఏళ్ళు కండక్టర్‌గా చేసి 2016లో రిటైరయ్యాను. మా మనవరాలు ఇంటర్ చదువుతోంది. సంక్రాంతికి వచ్చినప్పుడు 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ చేతిలో పెట్టి, తాతయ్యా నీ కథంతా ఇందులో రాయి, నేను చదువుకుంటా అంది. ఆ పిల్ల అడిగితే కాదనలేను. నాలుగు నెలలయింది. "నేను 1958లో కనిగిరి దగ్గర ఒక పల్లెలో పుట్టితిని" అని రాశాను. తర్వాత నాన్న పేరు, అమ్మ పేరు, అన్న పేరు. అంతే. రోజూ మధ్యాహ్నం భోంచేశాక పుస్తకం తెరుస్తాను, ఆ నాలుగు లైన్లూ చదువుకుంటాను, మూసేస్తాను.

మాట్లాడమంటే గంటలు మాట్లాడతాను. పెన్ను పట్టుకుంటే మాట రాదు. ఎక్కడ మొదలుపెట్టాలో రాసినవాళ్ళెవరైనా చెప్పండి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది, అన్నదమ్ముల పొలం గొడవ. అది తర్వాత అడుగుతాను.

గోదారిగట్టు
పుట్టిన రోజు మీకేం గుర్తుంటుంది సార్? ఎవరో చెబితే విన్నదే కదా. విన్నది రాయబోతే ఎవరికైనా నాలుగు లైన్లలో ఆగిపోతుంది. కళ్ళారా చూసింది ఒకటి పట్టుకోండి. నేను 1986 ఆగస్టు వరదల దగ్గర మొదలుపెట్టాను. అప్పుడు నాకు 11. గోదారి నీళ్ళు మా అరుగు మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతుంటే అమ్మ ముందు బియ్యం డబ్బా అటక మీదకి ఎక్కించింది, తర్వాత నన్ను ఎక్కించింది. అదే నా మొదటి వాక్యం. పుట్టిన ఊరూ, నాన్న పేరూ ఎక్కడో పదో పేజీలో వచ్చాయి.

సీమబిడ్డ
ముందు బియ్యం, తర్వాత కొడుకు! అమ్మ లెక్క అమ్మది 😄

గోదారిగట్టు
కొడుక్కి కాళ్ళున్నాయి, బియ్యానికి లేవు కదండీ. అమ్మ ఇదే మాట అంది, అది కూడా రాశాను.

పాతపుస్తకాలు
నేను ఒప్పుకోను. ఇష్టమొచ్చిన చోట మొదలుపెడితే రెండు నెలల తర్వాత 30 ముక్కలుంటాయి, ఏది ముందో ఏది వెనకో తెలియదు. నేను అలాగే చేసి ఏడాది పాడుచేసుకున్నాను. ముందు ఒక చార్టు పేపరు తీసుకుని ఏళ్ళ పట్టీ వేసుకోండి. ఎడమ పక్కన సంవత్సరం, కుడి పక్కన ఇంట్లో జరిగింది. తారీఖులు గుర్తుండవని భయం వద్దు. మన ఇళ్ళల్లో అందరూ గుర్తుపెట్టుకునే గుర్తులు వేరే ఉన్నాయి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందని జనం కోళ్ళూ మేకలూ కోసుకు తిన్నది 1979 జూలై. రెండు రూపాయల కిలో బియ్యం 1983. మునసబు, కరణం ఉద్యోగాలు తీసేసింది 1984. ఇక పుష్కరాలైతే చెప్పక్కర్లేదు, గోదావరికి 1967, 79, 91, 2003, 2015. కృష్ణకి దాని మరుసటి ఏడు. మా చెల్లి పెళ్ళి ఎప్పుడంటే ఎవరూ చెప్పలేకపోయారు. "కృష్ణా పుష్కరాల ముందు వేసవి" అంది మా అత్తయ్య. ఆ పుష్కరాలు 1980లో. అంటే పెళ్ళి 1980 వేసవిలో. అయిపోయింది.

ఇంట్లో పాత జాతకాలుంటే చూడండి. మీది నిజంగా 1958 అయితే విళంబి నామ సంవత్సరం అని ఉండాలి. ఉగాది ముందు పుట్టి ఉంటే హేవిళంబి.

కనిగిరి_కండక్టర్
జాతకం లేదండీ. బడిలో చేర్పించేటప్పుడు అయ్యవారు జూలై 1 అని వేశారు. మా క్లాసులో ఆ తారీఖున పుట్టినవాళ్ళం తొమ్మిదిమందిమి. అమ్మేమో వేరుశనక్కాయ పీకే రోజుల్లో పుట్టావనేది.

లలిత_టీచరమ్మ
బాబాయ్ గారూ, అదే రాయండి! కాగితంలో జూలై 1, అమ్మ నోట్లో వేరుశనక్కాయ పీకే రోజులు. "పుట్టితిని" మాత్రం కొట్టేయండి. మీరు ఇంట్లో పుట్టితిని అంటారా? మా నాన్నగారు కూడా అంతే, పెన్ను పట్టగానే గ్రాంథికం వచ్చేసేది. మాట్లాడేటప్పుడు రానిది రాసేటప్పుడు ఎందుకు? మీరు మీ మనవరాలికి చెబుతున్నారు, పరీక్ష రాయడం లేదు.

ఓరుగల్లు_పిల్ల
లలిత గారి మాటకు నా ఓటు. మా నానమ్మది నేను రాసిన. ఆమెకు చదువు రాదు, ఆమె చెప్తుంటే ఫోన్ల రికార్డు చేసిన. మొదటి రోజు "నానమ్మా, నీ జీవితం గురించి చెప్పు" అన్న. "నా బతుకుల ఏమున్నదే చెప్పనీకి, పుట్టిన, చేసుకున్న, కన్న" అని మూడు ముక్కల్ల ముగించింది. నాకు ఏడుపొచ్చింది. 80 ఏండ్లు బతికి ఏమీ లేదంటదేంది అని.

రెండో రోజు ప్రశ్న మార్చిన. నీ పెండ్లినాడు నువ్వేం తిన్నవ్ అని అడిగిన. ఏం తినలే, ఎవ్వరు పెట్టలే అన్నది. పొద్దుగాల నుంచి ఉపాసం, రాత్రి అందరు తిన్నంక గంజుల ఇంత పులగం మిగిలిందట. మేనత్త చీకట్ల తెచ్చి నోట్లె పెట్టిందట. ఆ మేనత్త ఎవరు అంటే అక్కడికెళ్ళి గంటన్నర చెప్పింది. ఆ మేనత్త పేరు మా ఇంట్ల ఎవ్వరికి తెల్వదు, నాతో సహా.

పెద్ద ప్రశ్న అడిగితే నోరు మూతపడ్తది. చిన్నది అడగాలె. మీరు మీకే చిన్న ప్రశ్న వేసుకోండి సార్.

పాతపుస్తకాలు
ఈ పద్ధతికి మనదగ్గర మంచి ఉదాహరణే ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలు చెప్పింది చెప్పినట్టు రాసి స్త్రీశక్తి సంఘటన అనే మహిళల సంఘం 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకం వేసింది. వాళ్ళ మాట తీరు మార్చలేదు కాబట్టే ఇప్పటికీ మనిషి ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టుంటుంది. చార్టు మాత్రం వేసుకోండి, ఆ మాట నేను వదలను.

ముంపుగ్రామం
చార్టూ వద్దు, కథా వద్దు అనుకున్నవాడిని నేను. మాది శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోయిన ఊరు. 1981లో ఖాళీ చేశాం. మా తరం పోతే ఆ ఊరు ఉండేదని చెప్పేవాళ్ళుండరు. రాద్దామని కూర్చుంటే గొంతు పట్టేసేది, ఒక్క ముక్క వచ్చేది కాదు. ఆఖరికి రాయడం మానేసి బొమ్మ గీశాను. క్యాలెండరు వెనక వైపు తెల్లగా ఉంటుంది కదా, దాని మీద ఊరు. ఇక్కడ చావిడి, ఇక్కడ బావి, ఇక్కడ కుమ్మరోళ్ళ ఆవం. మా ఇంటి నుంచి బడికి వెళ్ళే దారి గీస్తూ ఉంటే మధ్యలో ఒక ఇంటి దగ్గర పెన్సిల్ ఆగింది. అక్కడ నేను పక్కకి తిరిగి నడిచేవాడిని, ఎందుకని? కుక్క. వాళ్ళింటి నల్ల కుక్కంటే భయం. 40 ఏళ్ళుగా ఆ కుక్క నాకు గుర్తు రాలేదు. కాళ్ళకి గుర్తుంది.

ఆ రాత్రి కుక్క గురించి రెండు పేజీలు రాశాను. తర్వాత ఆ ఇంటివాళ్ళ గురించి. ఇప్పుడు ఇంటికో పేజీ చొప్పున వెళుతున్నాను, 62 ఇళ్ళయ్యాయి. వేసవిలో నీళ్ళు తగ్గితే అటు సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, ఇటు మా ఊరి మొండిగోడలు కూడా కొన్ని కనిపిస్తాయి. పోయినేడు ఆ కాగితం పట్టుకుని వెళ్ళి చూశాను. బావి నేను గీసిన చోటుకి నాలుగు అడుగులు అవతల ఉంది. అంతే తేడా.

గోదారిగట్టు
ఇది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. 62 ఇళ్ళు!

సీమబిడ్డ
అన్నా, మాది నందికొట్కూరు వైపు. మీ ఊరి పేరు నాకు విడిగా మెసేజ్ పెట్టు. మా అవ్వ పుట్టిల్లు కూడా నీళ్ళలోనే పోయింది.

కనిగిరి_కండక్టర్
ముంపుగ్రామం గారు చెప్పినట్టు నేను గీయాలంటే బస్సు రూటు గీయాలి. కనిగిరి నుంచి పొదిలి మీదుగా ఒంగోలు. ఇళ్ళకన్నా నాకు స్టాపులు బాగా గుర్తు. ప్రయత్నిస్తాను.

ఇక ఆ రెండో సంగతి. నాన్న పోయాక పంపకాల్లో అన్నకీ నాకూ మాటపట్టింపు వచ్చింది. ఎకరా 40 సెంట్ల దగ్గర. 19 ఏళ్ళుగా మాటల్లేవు. పెళ్ళిళ్ళలో కనబడితే తను ఒక పక్క కూర్చుంటే నేను ఇంకో పక్క. అది రాయకుండా నా కథ రాస్తే అబద్ధం అవుతుంది. రాస్తే మనవరాలు చదువుతుంది, రేపు వాళ్ళ పిల్లలతో కలవాల్సిన పిల్ల. ఏం చేయమంటారు?

సీమబిడ్డ
రాయొద్దు. నా అనుభవంతో చెబుతున్నా. మా మామ ఒకాయన ఇట్లే తన కథ రాసి అచ్చువేసి చుట్టాలందరికీ పంచినాడు. అందులో తమ్ముడి తాగుడు గురించి ఒక పేజీ. ఉన్నదే రాసినాడు, అబద్ధం ఒక్క అక్షరం లేదు. అయినా ఆ తమ్ముడి కూతురి పెళ్ళి సంబంధం దగ్గర ఆ పేజీ బయటికొచ్చింది. ఆ తమ్ముడప్పుడు మందు మానేసి ఎనిమిదేళ్ళు. కాగితం మీద మాత్రం ఇంకా తాగుతున్నాడు. నోటి మాటైతే మర్చిపోతారు, అచ్చయింది ఎక్కడికీ పోదు.

లలిత_టీచరమ్మ
అచ్చు వేరు, రాసుకోవడం వేరు. రెండు పుస్తకాలు పెట్టుకోండి. ఒకటి మనవరాలికి, ఒకటి మీకు. మీ పుస్తకంలో కోపమంతా రాసేయండి. ఆర్నెల్లాగి చదివితే ఏది ఉంచాలో మీకే తెలుస్తుంది. నేను మా అత్తగారి గురించి 40 పేజీలు రాశాను, చివరికి మూడు ఉంచాను. ఆ మూడింట్లో ఆవిడ నాకు జడ వేసిన రోజు ఉంది. మొదటిసారి రాసినప్పుడు అది గుర్తే రాలేదు, కోపం అడ్డొచ్చింది.

పాతపుస్తకాలు
దాచి రాస్తే అది జీవితచరిత్ర కాదు, శుభలేఖ అవుతుంది. చదివేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసిన కొండపల్లి కోటేశ్వరమ్మ గారిని చూడండి. పుట్టింది 1918లో, ఆవిడ ఆత్మకథ 'నిర్జన వారధి' వచ్చింది 2012లో. తొంభై దాటాక. భర్త విడిచి వెళ్ళిన సంగతీ రాశారు, పిల్లలు పోయిన దుఃఖమూ రాశారు. ఎవరినీ తిట్టలేదు. నిజం చెప్పడానికి తిట్టక్కర్లేదు.

ఓరుగల్లు_పిల్ల
కానీ పాతపుస్తకాలు గారూ, ఆమె కథల ఉన్నోళ్ళు ఊరందరికి తెలిసినోళ్ళు. సార్ వాళ్ళ అన్న ఎవరికి తెలుసు? ఆయన తన మాట చెప్పుకోను ఆయనకు పుస్తకం లేదు కద. నేనైతే ఇట్ల చేస్త: నేను చూసింది, నేనన్నది, నాకైన బాధ రాస్త. ఎదుటోని మనసుల ఏమున్నదో నేను రాయ. "అన్న ఆశపడ్డడు" అని రాయొద్దు. "అన్న ఆ రోజు నా మొకం చూడలే" అని రాయొచ్చు.

గోదారిగట్టు
ఈ మాట నేను కాగితం మీద రాసి గోడకి అతికించుకుంటున్నాను.

సీమబిడ్డ
ఇది బాగుంది. నేను కొంచెం దిగొస్తున్నా. అచ్చు మాత్రం వద్దు.

డల్లాస్_బుజ్జి
రోజూ చదువుతూ ఉంటాను, ఎప్పుడూ రాయలేదు. కండక్టర్ గారూ, రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నారు కాబట్టి పిల్లల వైపు నుంచి ఒక మాట.

మా నాన్న మూడేళ్ళ క్రితం పోయారు. తెనాలి దగ్గర రైతు. తన గురించి ఎప్పుడూ ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇల్లు ఖాళీ చేస్తుంటే ట్రంకుపెట్టెలో పద్దు పుస్తకాలు దొరికాయి. ఎరువు, పురుగుమందు, కూలీలు, పాలు. అన్నీ అంకెలే. ఒక పేజీలో 1988 సంక్రాంతి ఖర్చు. అమ్మకి చీర, దాని ఎదురుగా ధర. బుజ్జికి బూట్లు, ధర. అక్కకి పరికిణీ, ధర. కింద "నాకు" అని రాసి దాని ఎదురుగా చిన్న గీత. తర్వాతి ఏడూ "నాకు", గీత. ఆ పై ఏడూ అంతే. ఐదేళ్ళు వరసగా గీతలే. కొనుక్కోనప్పుడు ఆ లైను రాయడం దేనికి? రాశారంటే ప్రతి ఏడూ కొనుక్కుందామనే అనుకున్నారన్నమాట.

నాకు ఆ పుస్తకాలు తప్ప ఇంకేమీ లేవు. ఆ గీత పెట్టేటప్పుడు ఏమనుకున్నారో ఒక్క లైను రాసి ఉంటే ఎంత బాగుండేదో. మీరు రాయండి సార్. పొలం గొడవతో సహా రాయండి.

లలిత_టీచరమ్మ
బుజ్జీ, ఆ పద్దు పుస్తకాలు జాగ్రత్త. ఫొటోలు తీసి పెట్టుకో నాన్నా.

ముంపుగ్రామం
ఆ గీత నాకు కనబడుతోంది.

డీటీపీ_రమణ
వృత్తిరీత్యా రెండు ముక్కలు. చేత్తో రాయడం కష్టమైతే ఫోన్‌లో తెలుగు కీబోర్డు మీద మైకు గుర్తు నొక్కి మాట్లాడండి, అక్షరాలు వాటంతటవే పడతాయి. పేర్లు తప్పు పడతాయి, ఊళ్ళ పేర్లు మరీ తప్పు పడతాయి, అదే రోజు దిద్దుకోండి. వారం ఆగితే మీరేమన్నారో మీకే అర్థం కాదు. చెప్పి రాయించడం తక్కువ పనేం కాదు. చూపు పోయిన రచయిత చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు తన స్వీయచరిత్ర చెప్పి రాయించిందే కదా.

అచ్చు సంగతి ఇప్పుడే తలకెక్కించుకోవద్దు. మాదగ్గరకి వచ్చేవాళ్ళలో చాలామంది అట్ట మీద ఫొటో ఏది వేయాలో తేల్చుకుని వస్తారు, లోపల రాసింది ఇరవై పేజీలుండదు. డెమీ సైజులో ఒక ఫారం అంటే 16 పేజీలు. మీరు ఒక ఫారానికి సరిపడా రాశాక నాతో మాట్లాడండి. ఫోన్‌లో టైపు చేసిందైతే యూనికోడ్‌లో ఉంటుంది, ప్రెస్సువాళ్ళు వాడే 'అను' అనే రకం ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతాయి. కాబట్టి ప్రూఫు మీరే చూసుకోవాలి, కొట్టువాడికి వదిలేయకండి.

కనిగిరి_కండక్టర్
అందరికీ పేరుపేరునా దండాలు. వారం నుంచి రాస్తున్నాను. పాతపుస్తకాలు గారు చెప్పిన చార్టు వేశాను, రూటు బొమ్మ కూడా గీశాను. రెండూ గోడకి ఉన్నాయి. నిన్న రాసింది ఇక్కడ పెడుతున్నాను. తప్పులుంటే చెప్పండి.

"1987లో నాకు నైట్ హాల్ట్ డ్యూటీ. రాత్రి తొమ్మిదిన్నరకి ఆఖరి ఊళ్ళో రచ్చబండ దగ్గర బండి ఆపేవాళ్ళం. డ్రైవరు బస్సు టాపు మీద పడుకునేవాడు. నేను లోపల వెనక పొడుగు సీటు మీద. డబ్బుల సంచి తల కింద పెట్టుకునేవాడిని. చిల్లర ఎక్కువున్న రోజు చెవి నొప్పి పుట్టేది. తెల్లారుజామున నాలుగున్నరకి ఒక ముసలామె కిటికీ మీద రెండుసార్లు కొట్టేది. చేతిలో ఇత్తడి చెంబు. మొహం కడుక్కోవడానికి నీళ్ళు. చలికాలమైతే కాచిన నీళ్ళు. నేను లేచి కడుక్కునేదాకా చెంబు కోసం అక్కడే నిలబడేది. ఆమె ఎప్పుడూ బస్సెక్కలేదు. ఎక్కడికీ వెళ్ళేది కాదు. ఏడాదిన్నర ఆ రూటులో చేశాను. ఆఖరి రోజు నేను మారిపోతున్నానని చెప్పాను. మంచిది నాయనా, వచ్చేవాడికి కూడా ఇట్టాగే తెస్తాలే అంది."

లలిత_టీచరమ్మ
బాబాయ్ గారూ! ఒక్క అక్షరం ముట్టుకోవద్దు.

గోదారిగట్టు
చెవి నొప్పి పుట్టేది అన్నచోట నేను ఆ సీటు మీద పడుకున్నట్టే ఉంది. ఆమె పేరేంటి?

కనిగిరి_కండక్టర్
తెలియదండీ. పెద్దమ్మా అనేవాడిని. ఏడాదిన్నరలో పేరు అడగలేదు. ఇప్పుడు రాస్తుంటే అదే బాధగా ఉంది.

ఓరుగల్లు_పిల్ల
పేరు అడగలేదని కూడ రాయండి సార్. అది కూడ మీ కథే.

పాతపుస్తకాలు
1987 అని ఎలా తేల్చారు?

కనిగిరి_కండక్టర్
మా పెద్దమ్మాయి పుట్టిన ఏడు. నైట్ హాల్ట్ వల్ల బారసాలకి ఆలస్యంగా వెళ్ళాను. మా ఆవిడ ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

పాతపుస్తకాలు
చార్టులో ఎక్కించండి మరి 🙂

డల్లాస్_బుజ్జి
తర్వాతి ముక్క ఏది రాస్తున్నారు సార్?

కనిగిరి_కండక్టర్
ఎద్దుల గురించి. చిన్నప్పుడు మాకు ఒక జత ఉండేది. అన్న నాగలి పట్టేవాడు, నేను వెనక విత్తనం వేసేవాడిని. ఒకదాని పేరు పుల్లోడు. రెండోదాని పేరు ఎంత ఆలోచించినా రావడం లేదు. అమ్మా నాన్నా లేరు. ఆ పేరు తెలిసినవాడు భూమ్మీద ఒక్కడే ఉన్నాడు.

సీమబిడ్డ
అన్నా... ఫోన్ చెయ్యి.

కనిగిరి_కండక్టర్
మూడు రోజులు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను, నా వల్ల కాలేదు. నిన్న సాయంత్రం మా ఆవిడే వాళ్ళ తోటికోడలికి చేసి, ఎద్దు పేరు ఏంటో బావగారిని అడుగు అక్కా అంది. స్పీకర్‌లో పెట్టింది. అవతల మంచం కిర్రుమంది. కాసేపు ఏం వినబడలేదు. తర్వాత అన్న గొంతు, దూరం నుంచి, "మైలోడని చెప్పు. కుడి కొమ్ము వంకర, వాడికి గుర్తుండాలే" అన్నాడు. అంతే, వదిన పెట్టేసింది. పొలం మాట ఎవరూ ఎత్తలేదు.

కుడి కొమ్ము వంకర సంగతి నేను మర్చిపోయాను. రాత్రి ఆరు పేజీలు రాశాను.